కాలవ గట్టు నుంచి హైవే దాకా: హెల్మెట్ ఇంటర్‌కామ్ స్పీకర్లలో మాట స్పష్టంగా వినిపించాలంటే

సిద్ధాంతం వంతెన మీద 80లో వెళ్తుంటే హెల్మెట్‌కి తగిలించే ఇంటర్‌కామ్ (బండి నుంచి బండికి మాట్లాడుకునే బ్లూటూత్ సెట్టు)లో వెనక బండి నుంచి వచ్చే మాట సగం గాలిలో కలిసిపోతుంది. సౌండు చివరికంటా పెంచితే గరగర పెరుగుతుంది గానీ మాట పెరగదు. అదే సెట్టు, అదే ఫోను, కోనసీమ కాలవ గట్టు మీద 40లో వెళ్తున్నప్పుడు శుభ్రంగా పలుకుతాయి. రెండు చోట్లా స్పీకరు ఒకటే. మారింది గాలి హోరు. అయినా అందరికీ ముందు అనుమానం వచ్చేది స్పీకరు మీదే, ముందు ఖర్చు పెట్టేదీ దాని మీదే. ఆ ఖర్చు చాలాసార్లు వృథా అవుతుంది.

హెల్మెట్‌లో ధ్వని బాగోగులను తేల్చేవాటికి ఒక వరుస ఉంది. స్పీకరు చెవి రంధ్రానికి సూటిగా ఉందా, చెవికి ఎంత దగ్గరగా ఉంది, దాని చుట్టూ సందు మూసుకుందా అనేవి ముందు చూడాలి. ఆ తర్వాత గాలి హోరు. ఆ తర్వాత ఫోనులోనూ యూనిట్‌లోనూ, అంటే ఇంటర్‌కామ్ పెట్టెలోనూ, సెట్టింగులు. స్పీకర్లు మార్చే ఆలోచన చిట్టచివర. ఈ వరుస తలకిందులైతే ఖరీదైన స్పీకరు కూడా తప్పుడు చోట కూర్చుని పాతదానిలాగే పలుకుతుంది.

హోరుతో పోటీ పడి గెలవలేం

బండి వేగం రెట్టింపైతే హెల్మెట్ చుట్టూ గాలి హోరు సుమారు 15 నుంచి 18 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) పెరుగుతుంది. అంటే గట్టు మీద 40లో ఉన్నప్పటికీ, జొన్నాడ దాటి హైవే మీద 80 అందుకున్నప్పటికీ ఉన్న తేడా అది. ఇప్పుడు స్పీకరు వైపు లెక్క చూడాలి. స్పీకరు 3 డెసిబెల్స్ ఎక్కువ పలకాలంటే ఆంప్లిఫయర్ రెట్టింపు పవర్ ఇవ్వాలి. 10 డెసిబెల్స్ కావాలంటే పదింతలు, 15 కావాలంటే ముప్ఫై రెట్ల పైమాట. చిన్న లిథియం బ్యాటరీతో నడిచే ఇంటర్‌కామ్‌కి అంత సత్తువ ఉండదు. దాని హద్దు దాటాక శబ్దతరంగం పైనా కిందా తెగిపోతుంది. మనకు వినిపించే గరగర అదే.

హోరు స్వభావం ఇంకో చిక్కు తెచ్చిపెడుతుంది. దాని బలమంతా ఎక్కువగా 500 హెర్ట్జ్ (ధ్వని ఎంత లోతైనదో, ఎంత సన్నదో చెప్పే కొలత) లోపు ఉంటుంది. లోతైన శబ్దం గట్టిగా ఉన్నప్పుడు చెవి దానికంటే పై స్థాయి, అంటే సన్నటి, శబ్దాలను కూడా సరిగా పట్టుకోలేదు. మాటలో అచ్చుల బలం కింది స్థాయిలో ఉంటే, హల్లులను విడదీసే గుర్తులు 2,000 హెర్ట్జ్ పైన ఎక్కువ ఉంటాయి. అందుకే హైవే మీద మాట గొంతు వినిపిస్తుంది గానీ ఏమన్నారో తెలియదు. దీన్ని పరీక్షించడానికి పాటలు పనికిరావు. తెలిసిన పాటలో తప్పిపోయిన ముక్కలను మెదడు తనంతట తానే పూరించుకుంటుంది. అవతలి బండి మీదున్నవాళ్లను "పాలు, కాలు, తాలు, చాలు" అని వరస మార్చి మార్చి చెప్పమని, ఏ మాట ఏదో చెప్పగలుగుతున్నామా చూడాలి. నాలుగు మాటల్లోనూ మొదటి హల్లు తప్ప మిగతా అంతా ఒకటే. కాబట్టి హల్లు అందిందా లేదా అనేది ఇక్కడ దాగదు. బండి ఆపి ఒకసారి, 40లో ఒకసారి, 60లో ఒకసారి, 80లో ఒకసారి ఈ పరీక్ష చెయ్యాలి. ఇంట్లో కూర్చుని చేసిన పరీక్ష రోడ్డుకి వర్తించదు.

అన్నట్టు, వేగాన్ని 100 నుంచి 80కి దించితే హోరు దాదాపు 5 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆంప్లిఫయర్ పవర్ మూడింతలు చేసినంత లాభం అది, పైసా ఖర్చు లేకుండా. నాలుగు లైన్ల రహదారుల మీద ద్విచక్ర వాహనాలకు 2018లో కేంద్రం ప్రకటించిన పరిమితి కూడా 80 కిలోమీటర్లే.

చెవి ఎక్కడుందో ముందు కనిపెట్టాలి

మంచి హెల్మెట్లలో చెవుల దగ్గర థర్మోకోల్‌లోనే గుండ్రటి గుంట ఉంటుంది. చాలామంది స్పీకరును ఆ గుంట మధ్యలో అంటించి పని అయిపోయిందనుకుంటారు. గుంటను అందరి తలలకూ కలిపి ఒకటే కొలతతో చేస్తారు. మన చెవి దాని మధ్యకే వస్తుందన్న భరోసా లేదు. పైగా హెల్మెట్ దింపేటప్పుడు చెవి మడత పడి, మళ్లీ విచ్చుకుని, కాస్త పక్కకి జరిగి కూర్చుంటుంది. స్పీకరు వ్యాసం సాధారణంగా 40 మి.మీ. ఉంటుంది, కొన్నింటిలో 32. అది చెవి రంధ్రం నుంచి ఒక్క సెంటీమీటరు పక్కకి జరిగినా ముందు పోయేది పై స్థాయి స్పష్టతే. ఎందుకంటే ఆ స్థాయి ధ్వని సూటిగా ప్రయాణిస్తుంది, చెవి డిప్పకో లైనింగ్‌కో తగిలి ఆగిపోతుంది.

చోటు కనుక్కోవడానికి టాల్కం పౌడర్ చాలు. చెవి రంధ్రానికి ముందు పొడుచుకొచ్చి ఉండే చిన్న బుడిపె మీద తడి వేలితో పౌడర్ దట్టంగా అద్దాలి. లోపల స్పీకరు లేకుండా, నల్లటి లైనింగ్‌తో హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించి, రోడ్డు మీద చూస్తున్నట్టు తల నిలిపి, అరచేత్తో హెల్మెట్‌ను బయటి నుంచి చెవి వైపు ఒకసారి నొక్కాలి. తర్వాత పట్టీలు రెండు చేతులతో బయటికి లాగి పట్టుకుని నెమ్మదిగా తియ్యాలి. తెల్లటి మచ్చ పడుతుంది. తీసేటప్పుడు పడిన గీత కిందికి సాగి ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. గీత మొదలైన చోట ఉన్న ముద్దలాంటి మచ్చే గుర్తు. చెవి రంధ్రం ఆ మచ్చకి కొద్దిగా వెనక ఉంటుంది. స్పీకరు మధ్యభాగం అక్కడికి రావాలి. రెండు వైపులా విడివిడిగా చెయ్యాలి. ఎడమ చెవి కొలతే కుడి చెవికీ సరిపోతుందనుకోవడం పొరపాటు.

తర్వాత లోతు. స్పీకరు మీది స్పాంజి చెవిని తాకీ తాకనట్టు ఉండాలి, నొక్కకూడదు. గుంట లోతుగా ఉన్న హెల్మెట్‌లో స్పీకరుకీ చెవికీ మధ్య 15, 20 మి.మీ. ఖాళీ ఉండిపోవడం మామూలే. ఆ ఖాళీని కంటితో చూడలేం గనక చపాతీ పిండి వాడాలి. చిన్న నిమ్మకాయంత ముద్దను పల్చటి పాలిథిన్ కవర్లో చుట్టి, స్పీకరు బిగించిన తర్వాత దాని మీద పెట్టి, హెల్మెట్ పెట్టుకుని అర నిమిషం ఆగి తీస్తే ముద్ద అణిగిన మందమే మన ఖాళీ. స్కేలుతో కొలవాలి. 10 మి.మీ. వస్తే వెనక 6 లేక 7 మి.మీ. మందం స్పాంజి బిళ్ల పెట్టి స్పీకరును ముందుకి తేవాలి. 3 మి.మీ. లోపు వస్తే ఇక ఏమీ పెట్టక్కర్లేదు. ఒక్క మిల్లీమీటరు కూడా రాకపోతే చెవి నొక్కుకుంటోందని అర్థం. అలాంటి బిగింపు ఇంట్లో బాగానే అనిపిస్తుంది, అరగంట ప్రయాణం తర్వాత చెవి డిప్ప మంట పుడుతుంది.

చెవి నొక్కుకుంటోందని కొందరు కత్తితో థర్మోకోల్ చెక్కేస్తారు. అది ఎట్టి పరిస్థితిలోనూ చెయ్యకూడని పని. దెబ్బ తగిలినప్పుడు నలిగి ఆ తాకిడిని తనలోకి తీసుకునేది ఆ పొరే. హెల్మెట్లకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 4151 ప్రకారం ఐఎస్ఐ గుర్తు వేసిన హెల్మెట్‌ను పరీక్షించింది పూర్తి పొరతోనే, చెక్కిన పొరతో కాదు. 40 మి.మీ. స్పీకరు పట్టకపోతే పల్చటి స్పీకర్లు వెతకాలి, లేదా స్పీకరు పట్టే గుంట ఉన్న హెల్మెట్ తీసుకోవాలి. జిగురు విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. చెప్పులు అతికే రబ్బరు గమ్ములోని ద్రావకం, థిన్నర్, పెట్రోలు థర్మోకోల్‌ను కరిగించేస్తాయి. పైకి కనిపించని గొయ్యి లోపల పడుతుంది. వెల్క్రోతో వచ్చే సొంత జిగురు చాలు. అంటించే చోట పొడి గుడ్డతో తుడిచి, వెల్క్రోను ఒక నిమిషం గట్టిగా నొక్కి, ఒక రాత్రి వదిలేసి మరునాడు స్పీకరు తగిలించాలి. అంటించిన వెంటనే స్పీకరు తగిలించి పదిసార్లు పీకి పెడితే జిగురు పట్టుకోదు, ఎండలో పార్క్ చేసిన రోజు మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది.

సందు మూస్తేనే నిండుదనం

స్పీకరు పల్చగా, రేకు డబ్బాలో మాట్లాడినట్టు పలుకుతోందంటే చాలాసార్లు దాని బేస్ (లోతైన ధ్వని) పుట్టకపోవడం కారణం కాదు. పుట్టినది అక్కడికక్కడే రద్దైపోతోంది. స్పీకరు లోపల అదిరే పొర ముందుకి కదిలినప్పుడు ముందువైపు గాలి ఒత్తిడి పెరుగుతుంది, వెనకవైపు అంతే తగ్గుతుంది. 200 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు ఒకటిముప్పావు మీటరు. 40 మి.మీ. స్పీకరు అంచు చుట్టూ తిరిగి వెనక గాలి ముందుకి రావడానికి పట్టే దూరం కొన్ని సెంటీమీటర్లే. కాబట్టి కాలవ లాకు తలుపు తెరిచి ఉంచితే ఎగువా దిగువా నీటిమట్టం ఒకటైపోయినట్టు ముందూ వెనకా ఒత్తిడి సమానమైపోతుంది, చెవికి ఏమీ మిగలదు. పై స్థాయి తరంగాలు పొట్టివి గనక వాటికి ఈ బాధ లేదు. అందుకే పల్చదనం వస్తుంది.

దీనికి మందు ఒక రింగు. గాలి పీల్చని ఈవీఏ ఫోమ్ షీటు, అంటే స్టేషనరీ దుకాణాల్లో పిల్లల క్రాఫ్ట్ పనికి అమ్మేదే, 5 నుంచి 8 మి.మీ. మందం తీసుకోవాలి. షీటు పల్చగా ఉంటే రెండు మూడు పొరలు కలపొచ్చు. లోపలి వ్యాసం స్పీకరుకి బిగుతుగా పట్టేలా 39 లేక 40 మి.మీ., బయటి వ్యాసం గుంటను నింపేలా 60 నుంచి 65 మి.మీ. కోసి స్పీకరును దాని మధ్యలో కూర్చోబెట్టాలి. రింగు ముందు అంచు స్పీకరు కంటే 2, 3 మి.మీ. పైకి ఉంటే చెవి చుట్టూ మెత్తగా ఆనుకుని ఒక చిన్న గది ఏర్పడుతుంది. పూర్తిగా గాలి చొరబడని గది కానక్కర్లేదు. సగం సందు మూసినా తేడా వెంటనే తెలుస్తుంది. హెల్మెట్ పెట్టుకుని పాట వింటూ, రెండు అరచేతులతో హెల్మెట్‌ను చెవుల వైపు నొక్కి వదలాలి. నొక్కినప్పుడు బేస్ ఒక్కసారిగా పెరిగితే ఇంకా సందు ఉందన్నమాట. ఏ తేడా లేకపోతే రింగు పని చేస్తోంది.

ఇక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి. ముందు కప్పే స్పాంజి కూడా ఈవీఏతోనే చెయ్యడం ఒకటి. ముందువైపు ఉండేది ఊదితే గాలి సులువుగా దాటిపోయే పల్చటి స్పాంజే కావాలి, 2 నుంచి 4 మి.మీ. చాలు. రెండోది, స్పీకరు వెనకున్న చిన్న రంధ్రాలను వెల్క్రోతోనో ఫోమ్‌తోనో పూర్తిగా మూసెయ్యడం. ఆ రంధ్రాలు పొర వెనకున్న గాలి ఊపిరి తీసుకోవడానికి. మూసుకుపోతే పొర బిగుసుకుని బేస్ తగ్గిపోతుంది. వెనక వెల్క్రోలో రంధ్రం ఉన్న మేర చిన్న ముక్క కోసి తీసెయ్యాలి, లేదా బిళ్లను రింగు ఆకారంలోనే కోసుకోవాలి.

చెవులు కప్పని సగం హెల్మెట్లలో ఈ మాటలేవీ వర్తించవు. అక్కడ స్పీకరు గాలిలో వేలాడుతుంది. ముందు హెల్మెట్ మార్చుకోవడమే మంచిది, ధ్వని కోసం కంటే తల కోసం.

హోరును బయటే ఆపడం

ఫుల్ ఫేస్ హెల్మెట్‌లోకి హోరు చొరబడే పెద్ద దారి మెడ దగ్గర, గడ్డం కింద ఉండే ఖాళీ. హెల్మెట్‌తో వచ్చిన చిన్ కర్టెన్‌ను (గడ్డం కింది ఖాళీని కప్పే తెరను) ఉక్కపోతకి తీసి అటకెక్కించిన వాళ్లు దాన్ని దింపి పెట్టుకోవాలి. మే నెల ఎండలో ఊళ్లో తిరిగేటప్పుడు తీసేసినా, హైవే ఎక్కే ముందు తగిలిస్తే చాలు. వైజర్ (హెల్మెట్ ముందు అద్దం) రబ్బరు గట్టిపడి అంచుల్లో సన్నటి ఈల వస్తుంటే కొద్దిగా సిలికాన్ గ్రీజు రాయాలి, లేదా రబ్బరు మార్చాలి. పట్టీ కొస వదులుగా ఉంటే గాలికి హెల్మెట్‌కి తగిలి టకటకమని కొట్టుకుంటుంది. దాన్ని మడిచి బటన్ పెట్టాలి. ఎత్తైన విండ్‌షీల్డ్ బిగించిన బండ్ల మీద హోరు ఒక్కోసారి పెరుగుతుంది. అద్దం పైఅంచు నుంచి లేచిన సుడిగాలి సరిగ్గా హెల్మెట్‌కి తగలడమే కారణం. ఖాళీ రోడ్డు మీద స్థిరంగా వెళ్తూ తల ఒక జానెడు కిందికి వంచినప్పుడు హోరు తగ్గితే అద్దం ఎత్తు గానీ వాలు గానీ మార్చాలి. గౌతమి, వశిష్ఠ వంతెనల మీద పక్కగాలి కొట్టినప్పుడు ఒక చెవిలోనే హోరు ఎక్కువవుతుంది. అది స్పీకరు లోపంగా పొరబడి తీగలు విప్పిన వాళ్లున్నారు.

ఇంతా చేశాక మిగిలే హోరుకి ఇయర్ ప్లగ్సే నిజమైన జవాబు. చెవులు మూసుకుంటే మాట ఎలా వినిపిస్తుందని చాలామంది నమ్మరు. ప్లగ్ హోరునీ స్పీకరు ధ్వనినీ కలిపే తగ్గిస్తుంది. కాబట్టి రెండింటి మధ్య నిష్పత్తి అంతే ఉంటుంది. కానీ చెవి మీద పడే మొత్తం భారం తగ్గడంతో చెవి తనలో తాను గందరగోళ పడకుండా మాటను విడదీయగలుగుతుంది. వినికిడి లెక్క కూడా ఇదే చెబుతుంది. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి 8 గంటలు భరించవచ్చని, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుందని వృత్తి ఆరోగ్య నిపుణులు వాడే ప్రమాణం. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది పావుగంట. హెల్మెట్ లోపల హైవే హోరు ఆ దరిదాపులకి సులువుగా చేరుతుంది. ఆ పైన మాట వినిపించడానికి స్పీకరును ఇంకా పెంచితే దెబ్బ తినేది స్పీకరు కంటే ముందు చెవి. అది మళ్లీ బాగుపడేది కాదు.

ఫోమ్ ప్లగ్‌ను సన్నగా నలిపి, అవతలి చేత్తో చెవిని పైకి వెనక్కి లాగి పట్టి లోపలికి తోసి, అది ఉబ్బేదాకా 20, 30 సెకన్లు వేలితో ఆపి ఉంచాలి. చివర బయటికి పొడుచుకు వస్తే స్పీకరు దాన్ని నొక్కుతుంది, నొప్పి పుడుతుంది. ఫోమ్ ప్లగ్స్ పై స్థాయి ధ్వనిని ఎక్కువగా అడ్డుకుంటాయి. అందుకని ఈక్వలైజర్‌లో (స్థాయిల వారీగా ధ్వనిని పెంచే, తగ్గించే సెట్టింగులో) 2,000 హెర్ట్జ్ పైన 3, 4 డెసిబెల్స్ పెంచుకోవాలి. అన్ని స్థాయిలనూ ఇంచుమించు సమానంగా తగ్గించే ఫిల్టర్ ప్లగ్స్‌తో ఆ అవసరం తక్కువ. గట్ల మీద, ఊళ్లలో 50 లోపు వెళ్లేటప్పుడు ప్లగ్స్ తీసెయ్యడం మంచిది. మలుపులో వచ్చే ట్రాక్టరు, వెనకనుంచి వచ్చే ఆటో హారన్ వినిపించాలి. ఒంటిదారి గట్ల మీద పాట సౌండు కూడా ఆ హారన్‌కి దారి ఇచ్చేలా ఉండాలి.

ఫోను, బ్లూటూత్, మైకు

పాట బాగానే ఉంది, కాల్ వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది అంటే స్పీకరును తప్పుపట్టకూడదు. పాటలు బ్లూటూత్‌లో ఒక దారిలో, కాల్స్ ఇంకో దారిలో వెళ్తాయి. పాత పద్ధతి కాల్‌లో ధ్వని సెకనుకి 8,000 నమూనాలతోనే వస్తుంది. కాబట్టి 4,000 హెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. స, శ, ష కలిసిపోయేది అక్కడే. కొత్త పద్ధతిలో నమూనాలు 16,000. ఫోనూ ఇంటర్‌కామూ రెండూ దాన్ని పలికితేనే అది పని చేస్తుంది. కొన్ని యూనిట్లలో ఇంటర్‌కామ్ తెరిచి ఉంచి పాట పెడితే పాట కూడా ఆ కాల్ దారిలోకో తక్కువ నాణ్యతలోకో దిగిపోతుంది. ఇంటర్‌కామ్ ఆపగానే పాట బాగుపడితే కారణం దొరికినట్టే. రెండూ ఒకేసారి నడిపే సెట్టింగ్‌ను ఆపి చూడాలి.

సౌండు రెండు చోట్ల పెరుగుతుంది, ఫోనులోనూ యూనిట్‌లోనూ. కొన్ని ఫోన్లలో రెండూ కలిసి కదులుతాయి, కొన్నింటిలో విడివిడిగా. విడివిడిగా ఉన్నప్పుడు ఫోను సగంలో ఉంచి యూనిట్ చివరికంటా పెంచితే బుస్సుమనే శబ్దం కూడా పెరుగుతుంది. ఫోనును 85, 90 శాతం దగ్గర నిలిపి మిగతాది యూనిట్‌లో సర్దుకోవాలి. ఈక్వలైజర్‌లో బేస్ పెంచడం హెల్మెట్‌లో దాదాపు ప్రతిసారీ నష్టమే. 150 హెర్ట్జ్ కింద హోరు ఎలాగూ మింగేస్తుంది. ఆ స్థాయిలో పెంచిన ప్రతి డెసిబెల్ పొరను అనవసరంగా ఊపి, ఆంప్లిఫయర్ పవర్‌ను తినేసి, మాటకి మిగలాల్సిన శక్తిని లాగేసుకుంటుంది. 150 కింద తగ్గించి, 2,000 నుంచి 4,000 మధ్య 3 డెసిబెల్స్ పెంచితే అదే యూనిట్ ఇంకా గట్టిగా పలికినట్టు అనిపిస్తుంది.

ఇక మైకు. మన చెవిలో వినిపించే మాట నాణ్యతలో సగం అవతలివాళ్ల మైకు చేతిలో ఉంది. ఎవరో ఒక్కరి మాటే అస్పష్టంగా ఉంటే వాళ్ల మైకు చూడాలి. మూతికి ఎదురుగా, పెదవులకు ఒకటి రెండు సెంటీమీటర్లలో ఉండాలి. బాణం గుర్తు ఉన్న వైపు నోటికి తిరిగి ఉండాలి. మీది స్పాంజి తొడుగు పోతే గాలి నేరుగా మైకును కొడుతుంది. వానలో ఆ తొడుగు తడిసి ముద్దైతే మాట దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు మొద్దుబారుతుంది. పిండి, విదిలించి పెడితే చాలు.

తేమ, ఉప్పుగాలి, కొబ్బరినూనె

డెల్టాలో కొన్న రోజు బాగా పలికిన స్పీకరు ఏడాది తిరిగేసరికి మొద్దుబారడానికి సొంత కారణాలున్నాయి. వాటిలో అందరూ మర్చిపోయేది తలనూనె. కొబ్బరినూనె లైనింగ్ మీదుగా స్పీకరు ముందున్న స్పాంజిలోకి ఇంకి, దుమ్ముతో కలిసి జిడ్డు పొరగా గట్టిపడుతుంది. ధ్వని దాటే రంధ్రాలు మూసుకుపోతాయి. పై స్థాయి ముందు పోతుంది. స్పాంజి తొడుగులు తీసి గోరువెచ్చటి నీళ్లలో షాంపూ కలిపి నాననిచ్చి, పిండకుండా తువ్వాలులో అద్ది, నీడలో ఆరబెట్టాలి. చెమట ఎక్కువ పట్టే ఎండాకాలంలో నెలకోసారి, మిగతా రోజుల్లో రెండు నెలలకోసారి చేస్తే చాలు. గట్టిపడిన స్పాంజిని ఉతకడం దండగ, కొత్తది కోసుకోవాలి. హెల్మెట్ కింద కట్టుకునే చున్నీ, కర్చీఫు, రెయిన్‌కోటు టోపీ కూడా స్పీకరుకీ చెవికీ మధ్య ఇంకో పొర. రోజూ కట్టుకునే అలవాటుంటే పిండి ముద్ద కొలత కూడా అది కట్టుకునే తియ్యాలి.

అంతర్వేది, ఉప్పాడ వైపు, నరసాపురం నుంచి మొగల్తూరు దాకా ఉప్పుగాలి తగిలే చోట్ల తిరిగే బండ్లకు కనెక్టర్లే మొదటి బలి. యూనిట్ హెల్మెట్ మీది హోల్డర్‌లో కూర్చునే చోట ఉండే పిన్నుల మీద ఆకుపచ్చటి పొర పడుతుంది. గతుకు వచ్చినప్పుడల్లా చిటపటలాడడం, ఒక వైపు వచ్చి పోవడం దాని గుర్తులు. యూనిట్ ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో పిన్నులు తుడిచి, పది నిమిషాలు ఆరనిచ్చి తగిలించాలి. ఉప్పుకాగితంతో గీకకూడదు, పైపూత పోయి తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. ఛార్జింగ్ రంధ్రం రబ్బరు మూత వానాకాలంలో ఒక్క రోజు కూడా తెరిచి ఉండకూడదు. తడిసిన హెల్మెట్‌ను డిక్కీలో మూసి పెట్టకుండా చీక్ ప్యాడ్లు (బుగ్గల దగ్గరి మెత్తలు) విప్పి ఫ్యాను కింద ఉంచాలి. హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి థర్మోకోల్‌కీ స్పీకరు జిగురుకీ మంచిది కాదు.

ఒక్క వైపే పలకకపోతే తీగ చూడాలి. చీక్ ప్యాడ్ బటన్ కింద పడి నలగడం, పట్టీ బిగించే చోట లాగుడు పడడం మామూలు. తల తిప్పినప్పుడు ధ్వని వచ్చి పోతుంటే ఎక్కడో తీగ బిగుతుగా ఉంది, కాస్త వదులు ఇవ్వాలి. అన్ని సౌండ్లలోనూ సన్నగా జర్రుమంటుంటే స్పీకరు జాలీ మీద చూడాలి. అయస్కాంతం ఇనుప రజనును, బ్రేకు పొడిని లాక్కుంటుంది. సెల్లో టేపు జిగురు వైపుతో అద్ది తీస్తే వచ్చేస్తుంది. ఊదితే లోపలికి పోతుంది.

స్పీకర్లు మార్చక తప్పకపోతే

ఇవన్నీ అయ్యాక కూడా 80లో "పాలు, కాలు" తేలకపోతే, అప్పుడు స్పీకరు మాట. పెట్టెమీద వాట్లు చూడడం దండగ. చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే ఒక మిల్లీవాట్‌కి ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందో. 3 డెసిబెల్స్ ఎక్కువ ఉన్న స్పీకరు యూనిట్ పవర్‌ను రెట్టింపు చేసినట్టే. తర్వాత ఓంలు, అంటే కరెంటుకి స్పీకరు ఇచ్చే నిరోధం. పాత స్పీకరు తీగల మధ్య మల్టీమీటర్ పెడితే 32 ఓంల స్పీకరు 28 నుంచి 32 దాకా, 16 ఓంలది 14, 15 దగ్గర చూపిస్తుంది. పాతదాని కంటే తక్కువ ఓంలది వెయ్యకూడదు. 32 చోట 16 వేస్తే గట్టిగా పలుకుతుంది నిజమే, కానీ రెట్టింపు కరెంటు లాగుతుంది. బ్యాటరీ తొందరగా దిగుతుంది, ఆంప్లిఫయర్ వేడెక్కి తెగ్గొట్టడం మొదలుపెడుతుంది. మందం 10 మి.మీ. దాటితే చాలా హెల్మెట్లలో చెవికి చోటుండదు.

తీగ కోసి 3.5 మి.మీ. జాక్ అతికే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. కొన్ని యూనిట్లలో ఎడమ, కుడి స్పీకర్లకు మైనస్ ఉమ్మడి. కొన్నింటిలో ఒక్కో స్పీకరుకీ రెండు తీగలూ విడిగా ఆంప్లిఫయర్ నుంచే వస్తాయి. ఈ రెండో రకానికి మామూలు జాక్ అతికితే రెండు మైనస్‌లు ఒకటై ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు. యూనిట్ ఆపి, స్పీకర్లు విప్పి, యూనిట్ వైపు రెండు మైనస్‌ల మధ్య మల్టీమీటర్ బీప్ పెట్టాలి. బీప్ వస్తే ఉమ్మడి, రాకపోతే విడి. విడిగా ఉంటే జాక్ జోలికి పోకుండా ఒక్కో తీగనూ నేరుగా కొత్త స్పీకరుకే కలపాలి.

చాలా స్పీకరు తీగల మీద కంటికి కనిపించని వార్నిష్ ఉంటుంది. దాన్ని టంకం మొన మీద కాసేపు కాల్చి పోగొట్టకపోతే అతుకు పట్టినట్టే ఉండి పట్టదు. టంకం పని హెల్మెట్ బయటే చెయ్యాలి, థర్మోకోల్ ఆ వేడికి కరుగుతుంది. అతుకు మీద హీట్ ష్రింక్ గొట్టం (వేడికి ముడుచుకుని బిగుసుకునేది) తొడగాలి. ఈ ప్రాంతపు తేమలో ఇన్సులేషన్ టేపు జిగురు కారిపోయి నెలల్లోనే విడిపోతుంది. చివరగా ప్లస్, మైనస్‌లు రెండు వైపులా ఒకేలా పడ్డాయా చూడాలి. ఎవరైనా ఒక్కరే మాట్లాడే రికార్డింగ్ పెడితే గొంతు తల మధ్యలో వినిపించాలి. ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా చెదిరినట్టు ఉంటే ఒక వైపు తీగలు తారుమారయ్యాయి. ఆ ఒక్క వైపు రెండు తీగలనూ అటుదిటు మార్చి మళ్లీ వినాలి. అది తేలేదాకా స్పీకర్లను వెల్క్రోకి ఆనించి మాత్రమే ఉంచి, హీట్ ష్రింక్‌ను ఆ తర్వాతే కాల్చాలి.